ఎన్ని తడవలు

కొరుక్కుపేట మేడ మీద
నా మిషను కింద, గుడ్డముక్కల గంపలో
జరీ మొదటిసారి పిల్లలు పెట్టినప్పుడు
వీధంతా చక్కెర పంచాను.
నాలుగు.
ఒక్కోటి దారపుకండె అంత.

అప్పటికి దానికే ఏడాది నిండలేదు.
వీపు మీద బంగారు చార,
అందుకే ఆ పేరు.

రెండో తడవ కార్తీకం వానలు.
మోకాటి లోతు నీళ్ళలో వీధి.
పిల్లల్ని నోట కరుచుకుని ఏడిళ్ళు తిప్పింది,
ఏడో ఇల్లు మళ్ళీ నా గంపే.
మూడోది ఎప్పుడో గుర్తులేదు.
నాలుగోది పెళ్ళిళ్ళ రోజులు,
వంచిన తల ఎత్తలేదు నేను.
వెనకటి పిల్లలు ఇంకా పాలకు వేళ్ళాడుతుండగానే
కడుపు మళ్ళీ గుండ్రంగా తిరిగింది.

"ఆడపుట్టుక, కననీ.
ఆపితే పాపం నీకే చుట్టుకుంటుంది"
అనేది పక్కింటి కుప్పాయమ్మ.
నేనూ తలూపాను.
ఆపడానికి డబ్బు కావాలి,
కనడానికి అక్కర్లేదు.

చార వెలిసింది,
చవక జరీ రెండు ఉతుకులకే నల్లబడ్డట్టు.
నిమిరితే వెన్నుపూసలు వేళ్ళకి తగిలేవి,
బట్టలో మరిచిపోయిన గుండుసూదుల్లా.
పొట్ట చర్మం జారి
నడిస్తే అటూ ఇటూ ఊగేది.
మూడేళ్ళ పిల్లి.
చూసినవాళ్ళు ముసలిదనేవారు.

ఆఖరి కాన్పయిన పన్నెండోనాడు
పిల్లలు మూడూ మీద పాకుతుండగా
దాని కాళ్ళు కొయ్యబారాయి.
ఒళ్ళంతా వణుకు,
నా మిషను ఆపినా ఆగని వణుకు.
నోరు తెరిచి రొప్పింది.
పిల్లి రొప్పడం నేనెప్పుడూ చూడలేదు.

జాకెట్ల సంచిలో తల్లినీ పిల్లల్నీ వేసుకుని
ఆటోలో వేపేరి.

డాక్టరమ్మ యాళిని పెదవి ఎత్తి చూపించింది.
చిగుళ్ళు తెల్ల లైనింగు గుడ్డ.
"ఎత్తనై తడవై?" అంది.
ఆ మాట మాకూ ఉంది,
అర్థం కాలేదనడానికి వీల్లేదు.

తాయారమ్మ గారి చంక కొలత నాకు తెలుసు.
రాజ్యశ్రీ ఛాతీ ఏ నెలలో అరంగుళం పెరిగిందో తెలుసు.
చచ్చిపోయినవాళ్ళ మెడలోతులు కూడా
పుస్తకం చూడకుండా చెప్తాను.
ఐదా? ఆరా?
మధ్యలో ఒకసారి అన్నీ చచ్చి పుట్టాయి,
అది లెక్కలోకి వస్తుందా?
వేళ్ళు మడిచాను, తెరిచాను,
మళ్ళీ మడిచాను.

"ఎముకల్లో ఉండాల్సింది పాలలో పోయింది" అంటూ
నరంలోకి కాల్షియం ఎక్కించింది,
చుక్క, చుక్క,
తొందరపడితే గుండె ఆగుతుందట.
అంత నిదానంగా నేను
ఎవరికీ ఏమీ చేసి ఎరగను.

వణుకు సద్దుమణిగాక
జరీ లేచి చేసిన మొదటి పని
సంచిలో తల దూర్చి పిల్లల్ని లెక్కపెట్టుకోవడం.
దానికి లెక్క తెలుసు.

ఇంటికొచ్చి ఇంకుఫిల్లరుతో
వాటికి నేను పాలు పట్టాను.
రెండు గంటలకోసారి, పగలూ రాత్రీ.
మూడోరోజుకి నా నడుం విరిగింది.
మూడోరోజుకే.

పిల్లలు గిన్నెలో తినడం నేర్చి,
దాని చిగుళ్ళు కాస్త ఎరుపెక్కాక
మళ్ళీ వేపేరి.
ఆపరేషనుకి రెండు మగ్గంవర్కు జాకెట్ల కూలి అయింది.
కుప్పాయమ్మ రెండ్రోజులు పలకలేదు.
మూడోనాడు ఒక చేపతల
గుమ్మంలో పెట్టి వెళ్ళింది.

గొరిగిన పొట్ట మీద నాలుగు కుట్లు.
వంగి చూశాను, వృత్తిబుద్ధి.
ఎడం సమంగా ఉంది. ముడి గట్టిది.
ప్రతి కాన్పుకీ విప్పి వదులు చేసే కుట్టు కాదు.

ఇప్పుడది కత్తిరింపు బల్ల మీద,
సరిగ్గా టేపు మీదే పడుకుని నిద్రపోతోంది.
తాయారమ్మ గారూ,
మీ జాకెట్టు రేపు.